నడివయస్సు పశ్చాత్తాపము: ‘గృహప్రవేశ్’ చిత్ర పరిశీలన

యౌవనమున మనుష్యుడు చేయబోవు పనులను లెక్కించుకొనును. వార్ధకమున చేసిన పనులను లెక్కించుకొనును. ఈ రెంటి నడుమ, నలుబదియవ యేటికి అటునిటుగా, ఒక కాలము వచ్చును. అప్పుడు లెక్కకు వచ్చునవి చేయబోవునవియు కావు, చేసినవియు కావు, చేయక విడిచినవి. ఆ లెక్కకే నడివయస్సు పశ్చాత్తాపమని పేరు. నవలకును నాటకమునకును ఇది చిరపరిచితమైన వస్తువే. హిందీ చలనచిత్రమునకు మాత్రము చాలకాలము ఇది పరాయిదిగానే ఉండెను. నాయకుడు ఎల్లప్పుడును యువకుడై యుండవలెను. కథ ప్రేమికుల కలయికతో ముగియవలెను. ఇట్టి కట్టుబాటున్న చోట, పెండ్లియై పదియేండ్లు గడచిన చిరుద్యోగి మనోవ్యథకు తావెక్కడిది? ఆ తావును కల్పింప బూనినవి స్వతంత్ర చిత్రములు. బాసు భట్టాచార్య దర్శకత్వమున 1979లో వెలువడిన ‘గృహప్రవేశ్’ అట్టి చిత్రములలో నొకటి. మంచి వస్తువు, సమర్థులైన నటులు, నిరాడంబరమైన చిత్రణ ఉండియు ఈ చిత్రము ప్రేక్షకుని తుదకు అసంతృప్తునిగా విడిచిపెట్టును. దానికి కారణ మేమో విచారించినచో చిత్రమును గూర్చియే కాక పశ్చాత్తాపమను వస్తువును గూర్చియు కొంత తెలియును.

ఈ విచారణకు సూరత్ నగరమునుండి బయలుదేరుట ఉచితము. తాపీనదీ తీరమున, సముద్రమునకు చేరువగా నున్న ఈ పురాతన రేవుపట్టణము జరీపనికిని, వస్త్రవ్యాపారమునకును ప్రసిద్ధి. తెలంగాణమునుండి వలసపోయిన చేనేత కుటుంబములు పెక్కు అచ్చటి మరమగ్గముల నాశ్రయించి స్థిరపడుటచే ఆ నగరము తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. నడివయస్సు పశ్చాత్తాపమునకు సంబంధించిన ఇద్దరు ప్రసిద్ధులు ఈ సూరత్‌లోనే జన్మించిరి. ఒకడు ఆ భావమును తెరమీద అభినయించెను. మరియొకడు దానిని జీవితమున అనుభవించెను. మొదటివాడు ‘గృహప్రవేశ్’ కథానాయకుడు సంజీవకుమార్. రెండవవాడు గుజరాతీ సాహిత్యమున ఆధునికయుగమునకు ఆద్యుడుగా గణింపబడు కవి నర్మదుడు.

సంజీవకుమార్ అసలు పేరు హరిహర్ జరీవాలా. 1938 జూలై 9న సూరత్‌లో జన్మించెను. బాల్యముననే అతని కుటుంబము బొంబాయి చేరెను. అచ్చటి నాటకరంగమున అతడు నటన నేర్చెను. యువకుడై యుండియే రంగస్థలముమీద వృద్ధుల పాత్రలను ధరించి పేరు తెచ్చుకొనెను. ఆ అలవాటు చలనచిత్రములందును అతనిని విడువలేదు. ‘షోలే’ (1975) చిత్రమున చేతులు కోల్పోయిన ఠాకూరుగా నటించునప్పటికి అతనికి నలుబదియేండ్లు నిండలేదు. ‘దస్తక్’ (1970), ‘కోశిశ్’ (1972) చిత్రములకు ఉత్తమనటుడుగా జాతీయ పురస్కారముల నందెను. తెలుగు ప్రేక్షకులకు అతనితో ఒక చిత్రమైన చుట్టరికము కూడ కలదు. తెలుగు ‘నవరాత్రి’ (1966)లో అక్కినేని నాగేశ్వరరావు ధరించిన తొమ్మిది పాత్రలను హిందీ ‘నయా దిన్ నయీ రాత్’ (1974)లో ధరించినవాడు సంజీవకుమారే. ఈ రెండు చిత్రములకును మూలము 1964 నాటి తమిళ చిత్రము. ఇన్ని ముసలి వేషములు ధరించిన ఆ నటుడు వార్ధకమును చూడనే లేదు. 1985 నవంబరు 6న, 47 ఏండ్ల ప్రాయమున, అవివాహితుడుగనే మరణించెను.

స్వతంత్ర చిత్రమనగా నేమి? పెట్టుబడిదారుల ఆజ్ఞకును, విపణి యొక్క అభిరుచికిని లోబడక, తక్కువ వ్యయముతో, దర్శకుని అభిప్రాయానుసారముగా నిర్మింపబడునది. హిందీలో ఇట్టి చిత్రములకు 1960లో ఏర్పడిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషను అప్పులిచ్చి తోడ్పడెను. ఆ సహాయముతో మృణాల్ సేన్ తీసిన ‘భువన్ షోమ్’ (1969) ఈ మార్గమునకు ప్రారంభమని చెప్పుదురు. ఆ కథయు నడివయస్సు దాటిన ఒంటరివాని కథయే. కఠినుడైన ఒక రైల్వే అధికారి పక్షుల వేటకై గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతమునకు పోయి, ఒక పల్లెపిల్ల నిర్మలత్వము ముందు తన జీవితపు శుష్కతను గ్రహించును. యువతీయువకుల ప్రేమ లేకయే చిత్రము నిలువగలదని అది నిరూపించెను.

బాసు భట్టాచార్య బిమల్ రాయ్ వద్ద పని నేర్చినవాడు. కవి శైలేంద్ర నిర్మించిన ‘తీస్రీ కసమ్’ (1966)కు దర్శకత్వము వహించి, దానికి ఉత్తమ చిత్రముగా జాతీయ పురస్కారము వచ్చుటకు కారకుడయ్యెను. పిమ్మట అతని దృష్టి నగరమందలి దాంపత్యముపైకి మరలెను. ‘అనుభవ్’ (1971), ‘ఆవిష్కార్’ (1974), ‘గృహప్రవేశ్’ (1979) అను మూడు చిత్రములు ఒకే విషయమును మూడు దశలలో చూపునవి. మొదటిదానిలో నాయకుడొక పత్రికాసంపాదకుడు. భార్య తమ నడుమ పెరిగిన దూరమును గుర్తించి, వృద్ధుడైన ఒక సేవకుని మాత్రము ఉంచుకొని తక్కినవారిని పంపివేసి, ఇంటిని తిరిగి తన చేతికి తీసికొనును. ఇంతలో ఆమె పూర్వపరిచితు డొకడు భర్త కార్యాలయమున ఉద్యోగిగా చేరును. దాని వలన పుట్టిన కలతను దంపతులు మాటలతోనే దాటుదురు. తెలుపు నలుపులలో తీసిన ఆ చిత్రమున సంజీవకుమార్, తనూజల నటనయు, గీతాదత్ పాడిన పాటలును నేటికిని ప్రేక్షకులు మరువలేదు. ఆ చిత్రము జాతీయ పురస్కారమును పొందెను. కనుకనే మూడవ చిత్రముపై ఆశలు హెచ్చుగా ఉండుట సహజము.

‘గృహప్రవేశ్’ కథ సులభముగా చెప్పదగినది. బొంబాయి నగరమున అమర్, మానసి అను దంపతులు అద్దెయింట నివసింతురు. అమర్ పాత్రను సంజీవకుమార్, మానసి పాత్రను శర్మిలా టాగోర్ ధరించిరి. స్వంత యిల్లు కొనవలెనని మానసి స్వప్నము. అందుకై పైసపైసయు కూడబెట్టుట ఆ సంసారమున ఏకైక ధర్మమైపోవును. ప్రతి ఖర్చును రేపటి యింటికి వాయిదా వేయబడును. దానితోపాటు ప్రతి సంతోషమును. ఇట్లుండగా అమర్ పనిచేయు కార్యాలయమున సప్న అను యువతి టైపిస్టుగా చేరును. ఆ పాత్ర సారికది. అమర్ ఆమె యెడల అనురక్తుడై, ఆ సంగతిని భార్యకు తానే చెప్పివేయును. మానసి రచ్చ చేయదు. ఒక్కసారి ఆమెను ఇంటికి తీసికొనిరమ్మని మాత్రము కోరును. ఆ రాకకై పాత యింటికి రంగులు వేయించి, సామానులు సర్దించి, తాను చక్కగా అలంకరించుకొనును. చాలకాలముగా చూడని భార్యను ఆనాడు అమర్ క్రొత్తగా చూచును. తుదకు తన యింటికే మరలి వచ్చును. చిత్రమునకు ఉంచిన పేరు అప్పుడు సార్థకమగునని దర్శకుని భావన.

ఈ చిత్రమునందలి గుణములను ముందుగా చెప్పుట న్యాయము. విసుగును చిత్రించుట మిక్కిలి కష్టమైన పని. విసుగును చూపబోయి ప్రేక్షకునికే విసుగు పుట్టించిన చిత్రములు పెక్కు. ఇచ్చట పూర్వార్ధమున ఆ కష్టమును దర్శకుడు దాటినాడు. భార్యాభర్తల మాటలు ఖర్చులకును సరకులకును పరిమితమగుట, ఒకరి ముఖ మొకరు చూడకయే సంభాషణ ముగియుట, గదుల ఇరుకు, గోడల వన్నె మాయుట ఇవన్నియు ఆర్భాటము లేక తెలియవచ్చును. గుల్జార్ గీతములు, కనురాయ్ స్వల్పవాద్యములతో కూర్చిన సంగీతము ఆ వాతావరణమునకు అనుగుణముగా ఉన్నవి. ఇక సంజీవకుమార్ నటన. ఆనాటికి అతని నిజవయస్సును నలుబదియే. వేషముతో పనిలేక తన వయస్సునే తాను అభినయించు అవకాశము అతనికి లభించిన అరుదైన చిత్రములలో ఇదియొకటి. సిగ్గును, ఆశను ఒకే చూపున ఇముడ్చుట అతనికే చెల్లును.

లోపము ఉత్తరార్ధమున ఉన్నది. పశ్చాత్తాపమునకు రెండు లక్షణములు కలవు. పోయినది తిరిగి రాదని తెలియుట మొదటిది. పోగొట్టినవాడను నేనే యని ఒప్పుకొనుట రెండవది. ఈ రెండింటిలో ఏది లోపించినను మిగులునది ఒక విచారమే కాని పశ్చాత్తాపము కాదు. అమర్ విషయమున మొదటి లక్షణము లేదు. అతడు ఏమియు పోగొట్టుకొనలేదు. ఇల్లున్నది, భార్య యున్నది, ఉద్యోగమున్నది. గోడకు రంగు పూయగనే పోయిన సంవత్సరములు తిరిగివచ్చినట్లు చిత్రము చూపుచున్నది. రెండవ లక్షణమును లేదు. దాంపత్యము ఎండిపోవుటకు భార్య తన అందమును నిర్లక్ష్యము చేయుటయే కారణమన్నట్లును, అలంకారమే దానికి ఔషధమన్నట్లును కథ తేల్చును. తప్పు భర్తది, దిద్దుబాటు పని భార్యది. రంగులు వేయించినది ఆమె, చీర మార్చుకొన్నది ఆమె, అతిథికి మర్యాద చేసినది ఆమె. అమర్ చేసినది చూచుట మాత్రమే. చూచుటయే పరివర్తనమైనచో అది మిక్కిలి చౌకగా దొరికిన పరివర్తనము.

ఇంతకన్న బాధకరమైన విషయ మొకటి కలదు. నిజమైన పశ్చాత్తాపవస్తువు ఈ చిత్రమున లేకపోలేదు. చేతిలో నుండియు జారిపోయినది. అది అమర్‌ది కాదు, మానసిది. రేపటి యింటికొరకు నేటి సంసారమును ధారపోసినది ఆమె. ఇంటికై కూడబెట్టిన ప్రతి రూపాయియు ఆమె యౌవనమునుండి తీసిన రూపాయియే. ఒకనాడు భర్త వచ్చి ‘నాకు ఈ యింట సంతోషము లేదు’ అన్నప్పుడు, ఏ స్వప్నముకొరకు తాను అన్నియు మానుకొన్నదో ఆ స్వప్నమే తనకు ప్రతికూలమైనదని ఆమెకు తెలియవలెను. దానికి విరుగుడు లేదు. కూడబెట్టిన ధనముతో ఇల్లు వచ్చును గాని కూడబెట్టిన సంవత్సరములు రావు. ఈ గ్రహింపు కలిగిన క్షణమున మానసి ముఖమును ప్రేక్షకుడు చూడగోరును. శర్మిలా టాగోర్‌కు ఆ శక్తి లేకపోలేదు. కాని కథ ఆమెను వెంటనే అలంకరణలో నియోగించును. ఆమెకు దుఃఖించుటకును తీరిక నీయదు.

ఈ లోపము కాలమునకు సంబంధించినది కాదనుటకు నాలుగేండ్ల ముందు గుల్జార్ తీసిన ‘మౌసమ్’ (1975) నిదర్శనము. అందును నటులు ఈ ఇరువురే. అమర్‌నాథ్ గిల్ అను వైద్యవిద్యార్థి డార్జిలింగులో ఒక వైద్యుని కుమార్తెను ప్రేమించి, పరీక్ష ముగించి తిరిగివత్తునని మాటయిచ్చి, రాడు. ధనవంతుడైన వైద్యుడై 25 ఏండ్ల తరువాత వచ్చును. వచ్చునప్పటికి ఆమె మతిచెడి మరణించినదని తెలియును. ఆమె కుమార్తె వేశ్యాగృహమున నుండును. తల్లి పాత్రను, కుమార్తె పాత్రను శర్మిలా టాగోరే ధరించి జాతీయ పురస్కారమును పొందెను. అమర్‌నాథ్ ఆ బిడ్డను తనతో తీసికొనిపోవును. కాని తల్లికి చేసిన ద్రోహము అందువలన మాసిపోదు. ఆ సంగతి చిత్రమునకును తెలియును, నాయకునకును తెలియును. ఒకే నటుడు, ఒకే నటి, ఇంచుమించుగా ఒకే వస్తువు; ఒకచోట పశ్చాత్తాపము హృదయమును తాకును, మరియొకచోట తాకదు. భేదము నటనలో లేదు. పోయినది తిరిగిరాదని ఒప్పుకొను ధైర్యములో ఉన్నది.

ఇక జీవితమున పశ్చాత్తాపము ఎట్లుండునో చూచుటకు తిరిగి సూరత్‌కు రావలెను. నర్మదాశంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో జన్మించెను. బొంబాయిలో ఉపాధ్యాయుడుగా నుండగా, 1858 నవంబరు 23న ఆ పని విడిచి, ఇకమీదట కలముతోనే జీవింతునని వ్రతము పూనెను. 1864లో ‘డాండియో’ అను పత్రికను స్థాపించి దురాచారములపై ధ్వజమెత్తెను. ఒక్కడే శ్రమించి గుజరాతీ భాషకు నిఘంటువును కూర్చెను. 1866లో, 33 ఏండ్ల వయస్సున, ‘మారీ హకీకత్’ అను స్వీయచరిత్రను వ్రాసెను. గుజరాతీలో స్వీయచరిత్రకు అది ఆద్యము. అది లోకము కొరకు కాదు, తన కొరకే వ్రాసికొన్నది. కొలది ప్రతులు మాత్రము అచ్చొత్తించెను. శతజయంతి సందర్భమున 1933లో గాని అది జనులకు అందలేదు. ఆ నడుమ అప్పులు పెరిగినవి. 24 ఏండ్లు నిలుపుకొన్న వ్రతమును 1882లో విడిచి, బొంబాయిలోని గోకులదాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థయందు ఉద్యోగమును స్వీకరించెను. అప్పటికి అతనికి 50 ఏండ్లు నిండవచ్చినవి. యౌవనమున తాను ఖండించిన పూర్వాచారములను కొన్నింటిని ‘ధర్మవిచార్’ (1885) గ్రంథమున సమర్థించెను. మరుసటి యేడు, 1886 ఫిబ్రవరి 26న మరణించెను.

అది వెనుకంజయా, పరిపాకమా యని విమర్శకులు నేటికిని వాదింతురు. ఆ వాదము ఎట్లు తేలినను ఒక్క విషయము స్థిరము. కలమును వదలి కార్యాలయమునకు పోవలసిన దినమున ఆ కవికి ఎవరును గోడలకు రంగు పూయలేదు. పోయినది పోయినట్లే యుండెను. ఆ నిష్కృతిలేమియే అతని తుదినాళ్ళకు గౌరవము నిచ్చినది.

అతని గృహచరిత్రలో ‘గృహప్రవేశ్’ కథకు దగ్గరయైన ఘట్టమును కలదు. భార్య డాహీగౌరి ఇంటనుండగనే నర్మదుడు 1869లో నర్మదాగౌరి యను వితంతువును వివాహమాడెను. వితంతు వివాహమును నోటితో బోధించినవాడు చేతితో ఆచరించి చూపెనని సంస్కర్తలు హర్షించిరి. మన వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినది దానికి పండ్రెండేండ్ల తరువాత, 1881 డిసెంబరు 11న. ఆ దృష్టితో చూచినచో నర్మదుని సాహసము సామాన్యము కాదు. కాని ఆ ఇంటిలో మరియొక స్త్రీ యుండెను. సంస్కరణ ఎంత ఘనమైనదైనను దాని వెలలో ఒక భాగమును డాహీగౌరి చెల్లించెను. నర్మదుడు తన చరిత్రను వ్రాసికొనెను. ఆమె తన చరిత్రను వ్రాసికొనలేదు. నూరేండ్లు గడచిన పిదప ఒక చిత్రదర్శకునికి, భర్త ప్రేమించిన మరియొక స్త్రీని తన యింటికి ఆహ్వానించు భార్య కథ దొరికెను. ఆ మౌనమునకు వాక్కు నిచ్చు అవకాశము అది. మానసికి మాటకు బదులు క్రొత్త చీర నిచ్చి ఆ అవకాశమును అతడు పోగొట్టుకొనెను.

నడివయస్సు కథకు శుభాంతము తగదని దీని భావము కాదు. విశాఖపట్టణములోని కంచరపాలెమున, అధికముగా స్థానికులనే నటులుగా చేసికొని వెంకటేష్ మహా తీసిన తెలుగు చిత్రము ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) శుభాంతమే. అందు రాజు 49 ఏండ్ల అవివాహితుడు, ప్రభుత్వ కార్యాలయమున అటెండరు. వేర్వేరు వయస్సుల జంటలవిగా కనిపించిన ప్రేమకథలు అన్నియు అతని ఒక్కని జీవితమందలి దశలేయని చివర తెలియును. ఆ వయస్సున అతనికి పెండ్లియగును. అయినను గతమున పోయినవారు పోయినట్లే యుందురు. క్రొత్త సంతోషము వారి స్థానమును ఆక్రమింపదు, వారి పక్కన చోటు చేసికొనును. అందువలననే ఆ సంతోషము నమ్మదగినదై యుండును. రంగులు, అలంకారములు లేకయే ఆ చిత్రము సాధించినది ఇదియే.

కావున ‘గృహప్రవేశ్’ లోపము దుఃఖమును విడిచి సుఖముతో ముగియుటలో లేదు. లెక్క సరిచూడకయే ముగియుటలో ఉన్నది. స్వతంత్ర చిత్రమునకు వ్యయము తక్కువ, వేదికలు తక్కువ, ప్రేక్షకులును తక్కువ. దానికి ఎక్కువగా నుండవలసినది సత్యమును చెప్పు స్వేచ్ఛ యొక్కటే. వ్యాపారచిత్రము వలెనే అదియు తుదిరీలులో సంసారమును చక్కదిద్ది ప్రేక్షకుని ఊరడించి పంపినచో, ఆ స్వేచ్ఛ దేనికొరకు సంపాదింపబడినదో దానికే ఉపయోగింపలేదనవలెను. అట్లయ్యును ఈ చిత్రము చూడదగినదే. తక్కువ చిత్రములు తమ లోపమును తామే చూపజాలవు. ఇది చూపగలదు, ఏలయన పూర్వార్ధమున అది తీసికొన్న కొలబద్ద సరియైనది. ఆ కొలతకు ఉత్తరార్ధము చాలలేదు.

సూరత్‌లో నర్మదుడు నివసించిన గృహము స్మారకముగా నిలిచియున్నది. ఆ నగరపాలక సంస్థ నిర్మించిన ఒక రంగశాలకు సంజీవకుమార్ పేరు పెట్టబడినది. ఒకటి వ్రతమును విడువవలసి వచ్చిన కవి యిల్లు. మరియొకటి ముసలి వేషములు ధరించియు ముసలివాడు కాని నటుని పేర వెలసిన కట్టడము. ఎంత సున్నము పూసినను, ఎన్ని దీపములు పెట్టినను గడచిన సంవత్సరములు తిరిగిరావని ఆ రెండును ఒకే విధముగా చెప్పుచున్నవి. ‘గృహప్రవేశ్’ చెప్పవలసి యుండి చెప్పలేకపోయిన మాట అదియే.